ఏనుగులు లేనప్పుడు పెరిగిన అడవి

ఆఫ్రికా దేశమైన బోట్స్‌వానా ఉత్తర కొసన కసానే ఊరు దాటి, చోబే నది వెంట జీపులో వెళ్తుంటే ఎండి తెల్లబడ్డ మోడులు కనిపిస్తాయి. పక్కనే ఏనుగుల మందలు నీళ్లు తాగుతుంటాయి. ఏనుగులు ఎక్కువైపోయి అడవిని తినేశాయని చూసినవాళ్లు ఇట్టే తేల్చేస్తారు. అది అబద్ధం కాదు గానీ, కథను సగంలో అందుకున్నట్టు.

19వ శతాబ్దంలో దంతాల వేటగాళ్లు ఇక్కడి ఏనుగులను దాదాపు ఊడ్చేశారు. ఆ వెనకే 1896లో ముసర వ్యాధి, అదే రిండర్‌పెస్ట్, వచ్చి పడింది. ఆవులే కాదు, అడవి దున్నలు, కుడూ జింకలు కూడా కుప్పలుగా చచ్చిపోయాయి. ఇక కొమ్మ విరిచేవాళ్లు లేరు, మొలక కొరికేవాళ్లూ లేరు. ఆ సందులో ఒడ్డున ఉన్న ఒండ్రు నేలలో నాబ్‌థార్న్, ఫైదర్బియా లాంటి తుమ్మ జాతి చెట్లు ఏపుగా లేచాయి. తర్వాతివాళ్లు చోబే అసలు రూపం అనుకున్నది ఈ అడవినే.

1960లలో ఈ ప్రాంతం నేషనల్ పార్క్ అయింది. ఏనుగులూ మెల్లగా తిరిగొచ్చాయి. పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేస్తుంది. నాబ్‌థార్న్ దొరికితే దంతం మొనను బెరడు కింద దూర్చి, తొండంతో పట్టి పైకి లాగుతుంది. బెరడు తాడులా ఊడొస్తుంది. దాన్ని చెరుకు గడలా నమిలి పిప్పి ఉమ్మేస్తుంది. చుట్టూతా బెరడు పోతే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగదు, చెట్టు నిలువునా ఎండుతుంది.

సరే, పెద్దవి పోయాయి. పిల్ల మొక్కలు ఎందుకు లేవడం లేదు? దీనికి ఏనుగును తిట్టి లాభం లేదు. ఫైదర్బియా కాయలు తిని, గింజలను పేడతో దూరదూరాలకు చేర్చేది అదే మరి. కంచెలు కట్టి పరిశీలిస్తే తేలిందేమిటంటే, మొలకలను ఎక్కువగా మాయం చేస్తున్నవి ఇంపాలా జింకలు! ముసర వ్యాధి తర్వాత పలచబడ్డ వీటి మందలు మళ్లీ ఒడ్డంతా నిండాయి. పెద్ద చెట్ల స్థానంలో ఇప్పుడు పొదలు అల్లుకున్నాయి.

బోట్స్‌వానాలో ఇప్పుడు ఏనుగులు 1.3 లక్షల పైమాటే. 2014లో ఆపేసిన వేటకు 2019లో మళ్లీ అనుమతి ఇచ్చారు. పంటలు, ప్రాణాలు పోతున్న ఊళ్ల గోడు వేరు, అది నిజమైనదే. కానీ నది ఒడ్డు చెట్ల పేరు చెప్పి తుపాకీ ఎత్తడం నాకు మింగుడుపడదు. ఏనుగులు సగానికి తగ్గినా, ఇంపాలాలు ఇలాగే మేస్తుంటే ఆ మొక్కలు మోకాలెత్తు దాటవు.