నడుం నొప్పికి లాకు తలుపు

"పాతికేళ్ళు వరినాట్లు వేసిన నడుం మా అమ్మది. ఏ మసాజర్ కొనమంటారు?" అని ముమ్మిడివరం వైపు నుంచి ఒకావిడ అడిగారు. వాట్లు, రంగులు పెట్టె మీదే ఉంటాయి, వదిలేద్దాం. దెబ్బ తగిలిన చోటికి చెయ్యి దానంతటదే వెళ్ళి ఎందుకు రుద్దుతుంది? అసలు ప్రశ్న అది.

కాటన్ దొర కాలవల మీద లాకులు, అంటే పడవలని ఆపి వదిలే నీటి తలుపులు, చూసినవాళ్ళకి జవాబు తేలిక. స్పర్శ కబురు మోసే లావుపాటి నరాలు లాంచీలు: సెకనుకి దాదాపు 50 మీటర్లు. సలుపు మోసే సన్న నరాలు గడ వేసే నాటు పడవలు: సెకనుకి ఒక మీటరు. బొటనవేలు గడపకి కొట్టుకుంటే ముందు దెబ్బ తెలుస్తుంది, ఓ క్షణం ఆగి సలుపు మొదలవుతుంది. ఆ క్షణమే పడవ ప్రయాణం. రెండూ చేరేది వెన్నుపాములో ఒకే లాకుకి. రుద్దినప్పుడు లాంచీలు వరసకట్టి వస్తే అక్కడి చిన్న నరకణాలు, అంటే లాకు తలుపులు తీసి మూసే లస్కర్లు, పడవలకి తలుపు మూసేస్తారు. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన గేట్ సిద్ధాంతం ఇదే. వివరాలు తర్వాత మారాయి గానీ మూల ఊహ నిలబడింది. లస్కర్లకి కాలవలు మొదలయ్యే ధవళేశ్వరం నుంచి, అంటే మెదడు నుంచి, ఆర్డర్లు కూడా వస్తాయి. టెన్షన్, నిద్రలేమి ఉంటే తలుపు తెరిచే ఉంటుంది. ఏళ్ళనాటి నొప్పిలో తలుపే తుప్పు పట్టి సరిగ్గా మూసుకోదు. లాంచీలు ఆగితే తలుపు మళ్ళీ తెరుచుకుంటుంది, అందుకే మసాజ్ ఆపిన కాసేపటికి నొప్పి మళ్ళీ వస్తుంది.

ఎదురుకాళ్ళతో పుట్టినవాడు తొక్కితే నడుం పట్టు వదులుతుందంటారు. మామూలుగా పుట్టినవాడు తొక్కినా లాంచీలు కదులుతాయి! ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళని మాత్రం ఎవరిచేతా తొక్కించకండి.

మసాజ్ గన్ మీద నిమిషానికి 2400 అని ఉంటే 60తో భాగించండి: సెకనుకి 40 దెబ్బలు. చర్మం పైపొరలో స్పర్శని పసిగట్టే మైస్నర్ గ్రాహకాలకి అది చక్కగా సరిపోతుంది. లోతున ఉల్లిపాయ పొరల్లా ఉండే పాసినియన్ గ్రాహకాలకి 200 పైన అయితే బాగా సరిపోతుంది, అది సన్నగా గీపెట్టే వైబ్రేటర్ల పని. రెంటికీ తలుపు ఒకటే, కాబట్టి వేగం కోసం ఎక్కువ డబ్బు పొయ్యక్కర్లేదు. ఒకేచోట అదిమి పెడితే గ్రాహకాలు అలవాటుపడి లాంచీలు పలచబడతాయి, చోటు మారుస్తూ ఉండాలి. కరెంటు తిమ్మిరి పెట్టే టెన్స్ యంత్రమూ ఇదే లాకు మీద పనిచేస్తుంది, కానీ పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి వద్దు. షుగర్ వల్ల స్పర్శ తెలియని పాదాలకి వేడి మసాజర్ పెట్టకండి. పిక్క వాచి నొప్పి పెడుతుంటే, కాలు బలం తగ్గినా మూత్రం అదుపు తప్పినా, మసాజర్ పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

కొనేముందు దుకాణంలో అమ్మగారి చేతికే ఇవ్వండి. ఆవిడ ఎత్తగలగాలి, పిడి నడుం వెనక్కి చేరాలి.