ఈనిన ఆవు ఎందుకు చిక్కుతుంది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

వీడియో కాల్‌లో మన జెర్సీ ఆవును చూసి "దానికి తిండి పెట్టట్లేదా తాతయ్యా?" అని నిలదీశారుగా. పెడుతున్నానర్రా! అది ఈని నెల దాటింది. ఈనాక నెలా రెండు నెలల్లోనే పాలు జోరందుకుంటాయి, మేత తినడం మాత్రం అంత త్వరగా పెరగదు. ఆ లోటును గాదెలో దాచిన ధాన్యం తీసుకున్నట్టు ఒంట్లో కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది. కాబట్టి కాస్త చిక్కడం మామూలే. ఎంత చిక్కిందన్నదే చూడాలి. అందుకు ఒంట్లో కొవ్వును బట్టి 1 (బక్క) నుంచి 5 (లావు) వరకు స్కోరు వేస్తారు.

పొట్ట చూస్తే అది తెలియదు. ఎడమ డొక్క నిండుగా ఉంటే ఆ పూట బాగా మేసిందని మాత్రమే అర్థం. పురుగులున్న దూడకీ పొట్ట ఉబ్బుతుంది మరి. కొవ్వు సంగతి నడుము, తుంటి, తోక మొదలు చెబుతాయి. పక్కనుంచి చూడండి. తుంటి ఎముక నుంచి కిందికి దిగి, మళ్లీ తోక పక్కనున్న ఎముకకు ఎక్కే గీత 'వి' ఆకారంలో ఉంటే స్కోరు 3, లేదా ఇంకా తక్కువ. 'యు'లా గుండ్రంగా ఉంటే 3 దాటినట్టే. తర్వాత చెయ్యి వేయాలి, ఎందుకంటే వెంట్రుకలు కంటిని మోసం చేస్తాయి. తోక మొదట్లో ఇరువైపులా లోతు గుంటలుంటే బక్కది. ఆ గుంటలు కొవ్వుతో పూడిపోతే లావెక్కింది. (చెయ్యి వేసేముందు ఆవును పలకరించండి, తన్నులు తినకండి.)

కొలత 1 నుంచి 5 వరకు, పావు పావు చొప్పున. ఒకటంటే ఎముకలే, ఐదంటే ఎముక చేతికి దొరకదు. ఈనేనాటికి 3 నుంచి మూడున్నర ఉండాలి. ఆ తర్వాత అర పాయింటు తగ్గితే ఫరవాలేదు. పూర్తిగా ఒకటి తగ్గితే ఎదకు రావడం ఆలస్యమవుతుంది, చూడి నిలవడం కష్టమవుతుంది.

చూడి ఆవును ఎంత లావు చేస్తే అంత మంచిదని మనూళ్లో చాలామంది నమ్మకం. నేనొప్పుకోను. 4 దాటిన ఆవుకు ఈనాక మేత సరిగా ఎక్కదు, కొవ్వంతా ఒక్కసారిగా కరిగి కాలేయంలో పేరుకుంటుంది, కీటోసిస్ (కొవ్వు అతిగా కరిగితే వచ్చే జబ్బు) వచ్చే ప్రమాదం ఎక్కువ. ఒళ్లు సరిచేయాల్సింది పాలు తగ్గుముఖం పట్టిన నెలల్లో, దాణా చూసుకుని. వట్టిపోయిన రెండు నెలల్లో హడావుడిగా బక్కచిక్కించడం ఇంకా ప్రమాదం.

ఒక మాట. ఈ స్కోరు వేయడానికి పశువుల డాక్టర్లు వాడే ఓ పేరున్న పట్టిక 1989లో హోల్‌స్టీన్ అనే విదేశీ పాడి ఆవుల కోసం తయారైంది. మూపురమున్న మన ఒంగోలు ఆవుకీ, గేదెకీ దాన్ని ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు.

మన ఆవు మూడుంపావుతో ఈనింది, ఇప్పుడు రెండుముప్పావు. సంక్రాంతికి వచ్చినప్పుడు మీరే చెయ్యివేసి చెప్పండి. అప్పటి నా లెక్క మీ తర్వాత చెబుతాను.

మీ తాతయ్య