వెన్ను బిగిసిన ప్రతివాళ్లకీ యాంకైలోజింగేనా? అల్కాప్టోన్యూరియా: అపోహలు - వాస్తవాలు

నలభై దాటకుండానే నడుము వంగదు, మోకాళ్లు అరిగిపోయాయి, యాంకైలోజింగ్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించే జన్యు గుర్తు హెచ్‌ఎల్‌ఏ-బి27 నెగెటివ్. అయినా ఫైలు మీద యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ (రోగనిరోధక వ్యవస్థ తేడా వల్ల వెన్ను వాచి బిగిసే జబ్బు) అనే రాసి ఉంటుంది. అలాంటి ఫైళ్లలో చాలావాటిలో ఒక పరీక్ష కనిపించదు: మూత్రంలో హోమోజెంటిసిక్ ఆమ్లం. అది పేరుకుపోయే పుట్టుకతో వచ్చే జబ్బే అల్కాప్టోన్యూరియా.

అపోహ: వెన్ను బిగిస్తే యాంకైలోజింగే.

కాదు. ఎక్స్‌రే సరిగ్గా చూస్తే తేడా అక్కడే తెలుస్తుంది. అల్కాప్టోన్యూరియాలో నడుము డిస్కులు వరసగా సన్నబడి, వాటిలో సున్నం పేరుకుని తెల్లటి పట్టీల్లా కనిపిస్తాయి. సాక్రోఇలియాక్ కీళ్లు (వెన్ను అడుగుభాగం కటి ఎముకతో కలిసేచోటివి) చాలావరకు బాగానే ఉంటాయి. యాంకైలోజింగ్‌లో ముందు దెబ్బతినేవి ఆ కీళ్లే. అల్కాప్టోన్యూరియాకు మూలం రోగనిరోధక వ్యవస్థ కాదు. ప్రొటీన్‌లో ఉండే టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని అరిగించే దారిలో హెచ్‌జీడీ ఎంజైమ్ పనిచేయక హోమోజెంటిసిక్ ఆమ్లం మిగిలిపోతుంది. అది నల్లటి రంగుగా మారి మృదులాస్థిలో దిగుతుంది. మృదులాస్థి పెళుసెక్కి పెచ్చులుగా ఊడుతుంది. దీనికి యాంకైలోజింగ్‌కు వాడే, రోగనిరోధక శక్తిని అణచే బయోలాజిక్ ఇంజెక్షన్లు వేస్తే డబ్బు పోతుంది, నిద్రాణంగా ఉన్న టీబీ లేచే ప్రమాదం మాత్రం వస్తుంది. ఏళ్లు పోగొట్టుకున్నవాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. ఎవరూ అడగనిది వాళ్లెలా చెబుతారు?

అపోహ: నా మూత్రం మామూలుగానే ఉంది, కాబట్టి ఇది కాదు.

పోసిన వెంటనే మామూలుగానే ఉంటుంది. గాలి తగిలి ఆక్సీకరణ జరిగితేనే నల్లబడుతుంది. మూత్రం ఆమ్లంగా ఉంటే గంటలకొద్దీ రంగే మారదు. ఫ్లష్ చేసేశాక చూసేదేముంది! గాజు గ్లాసులో పట్టి, మూత పెట్టకుండా రాత్రంతా ఉంచండి. ల్యాబులో అయితే కొన్ని చుక్కల సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే త్వరగా నల్లబడుతుంది. ఇది అనుమానానికే. నిర్ధారణకు గ్యాస్ క్రొమటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీతో ఆ ఆమ్లాన్ని కొలవాలి. అమ్మనూ అడగండి: పసితనంలో పొత్తిగుడ్డల మరక సబ్బు పెట్టి ఉతికితే ఇంకా నల్లబడేదా? సబ్బులోని క్షారం చేసే పని అది. కంటి తెల్లగుడ్డు మీద గోధుమరంగు మచ్చ, చెవి మృదులాస్థిలో నీలి ఛాయ ఉన్నాయేమో కూడా చూడాలి.

అపోహ: ఒంట్లో వేడి వల్ల వచ్చింది, అంటుకుంటుంది.

రెండూ పుకార్లే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపభూయిష్ట జన్యువులు చేరితేనే వస్తుంది. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. ఒకరికి తేలితే తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ 25 శాతం అవకాశం ఉంటుంది. వాళ్లకు నొప్పి లేకపోయినా పరీక్ష చేయించాలి.

అపోహ: విటమిన్-సి వేసుకుంటే చాలు.

పనిచేసినట్టు రుజువు లేదు. కిడ్నీ రాళ్లు ముందే వచ్చే ఈ జబ్బులో పెద్ద మోతాదులు అసలు వద్దు.

అపోహ: ఆపరేషన్‌లో ఎముక నల్లగా కనిపించింది, అంటే క్యాన్సరే.

అది పేరుకున్న రంగు. మోకాలు, తుంటి మార్పిడి ఫలితాలు మామూలు అరుగుదలలో మాదిరిగానే ఉంటాయి. ముందుగా ఎకో (గుండె స్కాన్) తీయించండి, బృహద్ధమని కవాటం కూడా బిగిసి ఉండొచ్చు. మత్తు డాక్టరుకు మెడ బిగువు సంగతి చెప్పాలి. శ్వాస గొట్టం వేయడమూ, వెన్నులో సూది గుచ్చడమూ కష్టం కావచ్చు.

అపోహ: మందే లేదు.

నిటిసినోన్ అనే మందు ఉంది. పెద్దలకు రోజుకు 10 మి.గ్రా. మోతాదును యూరప్ 2020లో ఆమోదించింది. మూత్రంలో హోమోజెంటిసిక్ ఆమ్లాన్ని 99 శాతం పైగా తగ్గిస్తుంది. పోయిన మృదులాస్థిని మాత్రం తిరిగి తేదు. రక్తంలో టైరోసిన్ పెరుగుతుంది కాబట్టి డైటీషియన్ చెప్పినట్టు ప్రొటీన్ తగ్గించాలి. పెరిగిన టైరోసిన్ కంటిని దెబ్బతీయొచ్చు. కన్ను ఎర్రబడి, మంటపుట్టి, వెలుతురు చూడలేకపోతే చుక్కలు వేసుకుని ఊరుకోకండి, ఆ రోజే కంటి డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూసే) పరీక్ష చేయించుకోండి.