పార్టీ చందాలు, పన్ను మినహాయింపు: ఆడిటర్ బల్ల దగ్గర రోజూ వినే అపోహలు

అక్టోబరు చివరి వారం వచ్చిందంటే మా ఆఫీసులో ట్రస్టులు, సొసైటీల ఫైళ్ల పక్కన ఒకటో రెండో రాజకీయ పార్టీల ఫైళ్లు కూడా చేరతాయి. పెద్ద పార్టీలవి కావు. ఎన్నికల సంఘం దగ్గర నమోదైనా గుర్తింపు రాని చిన్నవి. వాటి లెక్కలు రాసేవాళ్లదీ, వాటికి చందా ఇచ్చి రిటర్న్‌లో చూపించేవాళ్లదీ ఒకటే రకం ధీమా. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ, నా బల్ల మీద నోటీసులన్నీ పాత సంవత్సరాలవే. అందుకని పాత నంబర్లతోనే రాస్తున్నాను.

అపోహ: పార్టీలకు పన్నే లేదు. ఇక లెక్కలతో పనేముంది?

పన్ను లేదన్నది సగమే నిజం. సెక్షన్ 13ఎ కింద చందాలు, ఇంటద్దెలు, బ్యాంకు వడ్డీ, ఆస్తి అమ్మితే వచ్చే లాభం, వీటికి మినహాయింపు ఉంది. వ్యాపారం చేసి సంపాదిస్తే లేదు. ఆ ఉన్న మినహాయింపు కూడా ఊరికే రాదు. ఖాతా పుస్తకాలు సరిగా ఉండాలి, ఆడిట్ జరగాలి, పెద్ద దాతల జాబితా ఫారం 24ఎలో ఎన్నికల సంఘానికి వెళ్లాలి, రిటర్న్ గడువులోపు పడాలి. ఒక్కటి తప్పినా మొత్తం పోతుంది.

"కాస్త ఆలస్యమైతే ఫైను కట్టేద్దాం లెండి" అనే మాట ఇక్కడ చెల్లదు. కాంగ్రెస్ పార్టీ విషయమే చూడండి. 2018-19 అసెస్‌మెంట్ సంవత్సరానికి, అంటే 2017-18 ఆదాయానికి, పొడిగించిన గడువు 2018 డిసెంబరు 31. వాళ్లు రిటర్న్ వేసింది 2019 ఫిబ్రవరి 2న. దానికితోడు, ఒక్కో చందా 2,000 దాటిన నగదు 14.49 లక్షలు తేలింది. మినహాయింపు కోరిన 199.15 కోట్లతో పోలిస్తే ఆ నగదు ఏ మూలకు? అయినా 2025 జులైలో ఢిల్లీలోని ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ మినహాయింపు కుదరదనే చెప్పింది. అంత పెద్ద పార్టీకే దక్కని వెసులుబాటు మండల స్థాయి పార్టీకి దక్కుతుందా?

అపోహ: 2,000 దాటితే దాత పేరు బయటపెట్టాలి

ఇది చదువుకున్నవాళ్లు కూడా తికమకపడే చోటు. గీతలు రెండు. 2,000 అన్నది నగదుకు గీత. అది దాటితే చెక్కు, డీడీ, యూపీఐ లాంటి బ్యాంకు దారిలోనే పుచ్చుకోవాలి. 20,000 అన్నది పేరుకు గీత. ఒకరు ఏడాదిలో ఇచ్చింది అంతకు మించితేనే ఫారం 24ఎలో పేరు, చిరునామా, పాన్ వస్తాయి. 2017లో నగదుకు ఈ పరిమితి పెట్టారు గానీ పేరు చెప్పే పరిమితిని ముట్టుకోలేదు. కాబట్టి 19,000 ఫోన్‌పేలో పంపినవాడు ఎవరో బ్యాంకుకు తెలుసు, పార్టీకి తెలుసు, జనానికి మాత్రం తెలియదు. అమెరికాలో అక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు లెక్క చెప్పే సెక్షన్ 527 రాజకీయ సంస్థలైతే ఏడాదిలో 200 డాలర్లు, ఆపైన ఇచ్చిన దాత పేరూ, 500 డాలర్లు, ఆపైన ఎవరికి ఖర్చుపెట్టారో ఆ పేరూ రాసివ్వాలి. మన ఫారం 24ఎలో ఖర్చుకు గడే లేదు.

ఈ రెండు గీతల కింద ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూశాను. ఒక చిన్న పార్టీ కోశాధికారి అక్టోబరు 29 సాయంత్రం గోతాం తెచ్చి గుమ్మం పక్కన దించారు. లోపల పదకొండు రసీదు పుస్తకాలు. ఏ కౌంటర్‌ఫాయిల్ తిప్పినా 1,900, 1,950, 2,000. జిల్లాలు వేరు, తేదీలు వేరు, చేతిరాత మాత్రం ఒకటే, సిరా కూడా ఒకటే. ఒక్క కొట్టివేత లేదు, రద్దు చేసిన రసీదు ఒక్కటీ లేదు. ఊరూరా తిరిగి వసూలు చేసిన పుస్తకం ఎలా ఉంటుందో వినాయక చవితి కమిటీలో పనిచేసిన కుర్రాడినడిగినా చెబుతాడు. అట్ట చెమటకు మెత్తబడి ఉంటుంది, ఎక్కడో టీ మరక ఉంటుంది, నూటపదహార్లు, ఐదువందల పదహార్లు వరసగా కనబడతాయి. ఆ పదకొండు పుస్తకాల్లో ఒక్క నూటపదహారు లేదు. తెలుగువాళ్ల దగ్గర వసూలు చేసిన చందా అది! సంతకం పెట్టనన్నాను. ఆయనేం నొచ్చుకోలేదు. "ఇంకొకరు పెడతార్లెండి ఆడిటర్ గారూ" అని గోతాం భుజాన వేసుకుని మెట్లు దిగారు.

అపోహ: బ్యాంకులోంచే ఇచ్చాను, రసీదు ఉంది, 80జీజీసీ ఖాయం

80జీజీసీ అంటే పార్టీకిచ్చిన చందాను దాత తన ఆదాయంలోంచి మినహాయించుకునే సెక్షన్. దీని మీద నా దగ్గరికి నోటీసు పట్టుకుని వచ్చేవాళ్లలో ఎక్కువమంది జీతగాళ్లే. కథ ఒకటే. రిటర్న్ వేసిపెట్టే మనిషి ఒక పార్టీ అకౌంట్ నంబర్ ఇస్తాడు. వీళ్లు రెండు లక్షలు పంపుతారు. కమీషన్ పట్టుకుని మిగతాది నగదుగా తిరిగొస్తుంది. 30 శాతం శ్లాబులో సెస్‌తో కలిపి 62,400 పన్ను మిగిలిందని సంబరం. డబ్బు వాపసు వచ్చాక అది చందా ఎలా అవుతుంది? తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే జరిమానా పన్నుకు రెట్టింపు, అంటే 1,24,800. ఎగ్గొట్టిన పన్ను, దానిమీద వడ్డీ ఎలాగూ కట్టాలి. కమీషన్ తిరిగి రాదు.

"వాళ్లకెలా తెలిసింది సార్?" అని అమాయకంగా అడుగుతారు. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి రిటర్న్‌లోనే చందా ఇచ్చిన తేదీ, లావాదేవీ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అడుగుతున్నారు. పార్టీ తన ఫారం 24ఎలో మీ పేరు చూపిందా లేదా అన్నది పోల్చుకుంటే చాలు. 2025 జులైలో ఇలాంటి దొంగ మినహాయింపులు అమ్మేవాళ్ల కోసం దేశంలో 150 చోట్ల సోదాలు చేశారు. తప్పు చేశామనుకున్నవాళ్లు నోటీసు రాకముందే, పాతదాన్ని సరిచేసే అప్‌డేటెడ్ రిటర్న్ వేసుకుంటే అదనపు పన్నుతో బయటపడొచ్చు. ఇంకో సంగతి, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఈ మినహాయింపే లేదు. అయినా అడిగేవాళ్లున్నారు.

అపోహ: ఎన్నికల సంఘంలో నమోదైందంటే మంచి పార్టీయే

నమోదు అంటే ప్రవర్తన సర్టిఫికెట్ కాదు. 2019 నుంచి ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయలేదని 2025 ఆగస్టులో 334, సెప్టెంబరులో 474 పార్టీలను జాబితాలోంచి తీసేశారు. చందా ఇచ్చే ముందు ఆ పార్టీ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

అపోహ: బాండ్లు పోయాయి, ఇప్పుడంతా బట్టబయలే

2024 ఫిబ్రవరి 15న దాత పేరు బయటపడకుండా బ్యాంకులో కొని పార్టీకిచ్చే ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు కొట్టేసింది నిజమే. కంపెనీలు సగటు లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వకూడదన్న పాత కట్టుబాటూ తిరిగొచ్చింది. మార్చిలో కొన్నవాళ్ల జాబితా బయటికొచ్చినప్పుడు హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ సుమారు 966 కోట్లతో రెండో స్థానంలో కనబడింది. ఎవరి బాండు ఎవరికి చేరిందో మాత్రం బాండ్ల నంబర్లు కూడా ఇచ్చాకే తేలింది. ఇప్పుడు కంపెనీల చందాలు పోగుచేసి పార్టీలకు పంచే ఎలక్టోరల్ ట్రస్టులదీ అలాంటి తంతే. ఏడాదిలో వచ్చినదాంట్లో 95 శాతం పార్టీలకు పంచాలి. ఇచ్చినవాళ్ల పేర్లూ, పుచ్చుకున్న పార్టీల పేర్లూ ఉంటాయి. డబ్బంతా ఒకే కుండలో కలిశాక ఈ కంపెనీ రూపాయి ఆ పార్టీకి వెళ్లిందని ఎలా చెబుతాం?

అపోహ: మనవాళ్లే కదా, అమెరికా నుంచి పంపొచ్చు

ప్రతి ఎన్నికలకూ డాలస్ నుంచి మా మేనమామ కొడుకు ఫోన్ చేస్తాడు. ఎంత పంపాలన్నది తర్వాత, ముందు నీ పాస్‌పోర్టు ఏదో చెప్పమంటాను.

"నీలం రంగుది బావా."

"రెండు దేశాలదీ నీలమే. అట్ట మీద సింహాలున్నాయా, గద్ద ఉందా?"

"గద్దే."

"అయితే కుదరదు. నువ్విచ్చేది విదేశీ విరాళం కిందికొస్తుంది."

"ఓసీఐ కార్డుందిగా?"

"అది మన మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు. దాంతో ఊళ్లో ఇల్లు కొనుక్కోవచ్చు. పొలం కొనలేవు, పార్టీకి చందా ఇవ్వలేవు."

"పోనీ, నాన్న అకౌంట్‌లో వేసి ఇప్పిస్తే?"

ఆ దారి కూడా చట్టంలో ముందే మూసేశారు. పార్టీ తరఫున విదేశీ డబ్బు పుచ్చుకున్నా తప్పే. మామయ్యకు డెబ్భై ఎనిమిదేళ్లు, ఈ వయసులో ఆయన చేత నోటీసులకు జవాబులు రాయిస్తావా అన్నాను. గ్రీన్ కార్డు మీదున్న వాడి తమ్ముడికి మాత్రం ఇంకా సింహాల పాస్‌పోర్టే. వాడు ఇవ్వొచ్చు. వాడేమో ఇంతవరకూ ఒక్క రూపాయి ఇవ్వలేదు.