కొండెక్కిన టెలిస్కోపులు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒక రోజు పేపరు డ్రాఫ్టు పట్టుకొచ్చి, "మేడమ్, ఈ పేరు ఎలా పలకాలి?" అని అడిగింది. నిధులిచ్చినవాళ్ళకీ డేటా ఇచ్చినవాళ్ళకీ కృతజ్ఞతలు చెప్పే చివరి పేరాలో ఉందా పేరు. ఇయోలిగమ్ దుఆగ్. అమెరికాలోని అరిజోనాలో కిట్‌పీక్ అని మనం పిలిచే కొండకి, అక్కడి తొహోనో ఓదమ్ ప్రజల భాషలో ఉన్న పేరు అది. ఆ కొండ మీది నాలుగు మీటర్ల మేయాల్ టెలిస్కోపుకి డెసి అనే పరికరం బిగించారు. 5,000 ఫైబర్లతో ఒకేసారి వేల గెలాక్సీల వర్ణపటాలు తీస్తుంది. ఆ డేటా వాడినవాళ్ళు పేపరు చివర ఆ పేరా పెట్టాలన్నది నియమం. అప్పటికే నేను రెండు పేపర్లలో దాన్ని కాపీ చేసి అతికించాను. పలకడం మాత్రం రాదు.

ఆ సిగ్గుతో మొదలైన చదువు ఇది. మా రంగంలో టీ తాగుతూ అనుకునే మాటలు, నేను కూడా అన్న మాటలు కింద పెడుతున్నాను.

అపోహ: టెలిస్కోపులు కట్టేది ఎవరూ లేని ఖాళీ కొండల మీద.

టెలిస్కోపుకి కావలసినవి పొడిగాలి, కుదురుగా ఉండే గాలి, చీకటి. హవాయి దీవుల్లోని మౌనా కేయా శిఖరం ఎత్తు 4,205 మీటర్లు. చాలా రాత్రులు మబ్బులు శిఖరానికి కిందే ఆగిపోతాయి. పరారుణ కాంతిని మింగేసే నీటి ఆవిరి కూడా ఎక్కువ భాగం కిందే ఉండిపోతుంది. మాకు ఇంతకన్నా ఏం కావాలి? అయితే ఆ కొండ మబ్బుల్ని దాటి ఆకాశంలోకి వెళ్ళినట్టు కనబడటం మేం కనిపెట్టిందేమీ కాదు. హవాయి మూలవాసులకి అది మంచు దేవత పొలియాహు ఉండే చోటు. శిఖరానికి దగ్గర్లో వైయావు అనే చిన్న సరస్సు ఉంది, పుట్టిన బిడ్డ బొడ్డుతాడు తీసుకెళ్ళి అందులో వదిలే కుటుంబాలున్నాయి. పూర్వం రాతి గొడ్డళ్ళ కోసం నల్లరాయి తీసిన పెద్ద క్వారీ కూడా ఆ పక్కనే.

ఇల్లు లేని చోటు ఖాళీ చోటు కాదు. శేషాచలం కొండల్లో కాటేజీలు కట్టని చోటంతా ఖాళీయేగా అని పైనుంచి వచ్చినవాడెవడైనా అంటే మన ఇళ్ళల్లో ఏమంటారో మీకు తెలుసు.

అపోహ: లీజు ఉంది, పర్మిట్ ఉంది, కోర్టు తీర్పు ఉంది. ఇక గొడవ దేనికి?

నేను చాలాకాలం నమ్మిన మాట ఇది. ఏజెన్సీ భూముల సంగతి తెలిసిన తెలుగువాళ్ళకి ఇందులోని తిరకాసు వేరే చెప్పక్కర్లేదు. పట్టా ఎవరి పేరున ఉందన్నది ఒక ప్రశ్న, ఆ పట్టా ఆ పేరు మీదికి ఎలా వచ్చిందన్నది ఇంకో ప్రశ్న. 1970లో 1/70 చట్టం తెచ్చింది ఆ రెండో ప్రశ్న కోసమే.

మౌనా కేయా పట్టా కథ ఇలా సాగింది. 1893లో అమెరికా నౌకాదళం అండతో అక్కడి వ్యాపారులు హవాయి రాణిని గద్దె దించారు. 1898లో అమెరికా ఆ దీవుల్ని కలిపేసుకుంది. రాజ్యానివీ రాజవంశానివీ అయిన దాదాపు 18 లక్షల ఎకరాలు దాని చేతికొచ్చాయి. 1959లో హవాయి రాష్ట్రమయ్యాక అందులో చాలా భాగం రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్ళింది. ఆ ప్రభుత్వం 1968లో కొండ పైభాగాన్ని హవాయి విశ్వవిద్యాలయానికి 65 ఏళ్ళకి లీజుకిచ్చింది, ఏడాదికి ఒక్క డాలరు అద్దె మీద. ఆ తర్వాత శిఖరం మీద 13 టెలిస్కోపులు వెలిశాయి. 1998లో రాష్ట్ర ఆడిటరే విశ్వవిద్యాలయం కొండని సరిగా చూసుకోలేదని రిపోర్టు రాశారు. అంతకు ముందే, 1993లో, రాజ్యాన్ని కూలదోసినందుకు అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసి మరీ క్షమాపణ చెప్పింది. క్షమాపణ చెప్పారు, భూమి మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇంత చరిత్ర మీద థర్టీ మీటర్ టెలిస్కోపు వచ్చి కూర్చుంది. 492 అద్దం ముక్కలతో 30 మీటర్ల దర్పణం. భారతదేశం కూడా భాగస్వామి. 2014 అక్టోబరులో శంకుస్థాపనని హవాయి మూలవాసులు అడ్డుకున్నారు. 2015 ఏప్రిల్‌లో 31 మందిని అరెస్టు చేశారు. అదే డిసెంబరులో హవాయి సుప్రీంకోర్టు పర్మిట్ రద్దు చేసింది. కారణం దేవుడూ కాదు, టెలిస్కోపూ కాదు. అభ్యంతరాలు వినే విచారణ జరపకముందే పర్మిట్ చేతిలో పెట్టేశారు. మళ్ళీ విచారణ, మళ్ళీ పర్మిట్. 2018లో అదే కోర్టు ఒప్పుకుంది. 2019 జులైలో యంత్రాలు బయల్దేరితే కొండదారి మీద పెద్దవాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ముప్పై మందికి పైగా ముసలివాళ్ళని పోలీసులు ఎత్తుకెళ్ళారు. ఆ పని ఇప్పటికీ మొదలవలేదు.

తీర్పు గెలిచారు, కొండ దక్కలేదు. సంతకం చట్టం ముందు చెల్లుతుంది. సమ్మతి అడిగి తెచ్చుకోవాల్సిన వస్తువు, అదీ "వద్దు" అనే వీలు ఉన్నప్పుడు మాత్రమే దానికి విలువ.

అపోహ: వాళ్ళకి సైన్స్ అంటే పడదు.

1976లో హోకూలెయా అనే జంట పడవ దిక్సూచి కూడా లేకుండా హవాయి నుంచి తాహితీకి వెళ్ళింది, దాదాపు 4,000 కిలోమీటర్లు. దారి చూపింది మైక్రోనేసియాలోని సతవల్ దీవి నావికుడు మావ్ పియాయిలుగ్. ఏ నక్షత్రం ఏ దిక్కున పొడుస్తుందో, ఏ కెరటం ఎటునుంచి వస్తుందో అతని బుర్రలో ఉంది. ఆకాశాన్ని చదవడం రానిదెవరికో మరి. నేనైతే జీపీఎస్ లేకపోతే మా కాలనీ కూడా దాటలేను.

ఇంకో సంగతి. మూలవాసులంతా ఒకే మాట మీద ఉంటారనుకోవడం కూడా మన సోమరితనమే. కొత్త టెలిస్కోపు కావాలని, పిల్లలకి చదువూ ఉద్యోగాలూ వస్తాయని విచారణలో వాదించిన హవాయి మూలవాసులూ ఉన్నారు. ఒక ఊళ్ళో ఉన్నన్ని అభిప్రాయాలు ఒక జాతిలోనూ ఉంటాయి.

అపోహ: ఒకసారి ఒప్పుకున్నారంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టే.

కిట్‌పీక్ కథ అందుకే నాకు ఇష్టం. 1950ల్లో జాతీయ అబ్జర్వేటరీకి చోటు వెతుకుతూ శాస్త్రవేత్తల చూపు ఆ కొండ మీద పడింది. తొహోనో ఓదమ్‌ల సృష్టికర్త ఇయితోయి కథలతో ముడిపడిన కొండ అది. దూరంగా కనిపించే బబోకివారి శిఖరం తర్వాత వాళ్ళకి అంత ముఖ్యమైనది. ముందు ఒప్పుకోలేదు. అప్పుడు శాస్త్రవేత్తలు తెగ పెద్దల్ని టూసాన్‌లోని విశ్వవిద్యాలయానికి పిలిచి, 36 అంగుళాల టెలిస్కోపులోంచి ఆకాశం చూపించారు. పెద్దలు చూశారు, వెనక్కి వెళ్ళి మాట్లాడుకున్నారు. "పొడవు కళ్ళ మనుషుల"కి కొండ మీద చోటివ్వొచ్చని తేల్చారు. 1958లో లీజు రాసుకున్నారు. అప్పటినుంచి వాళ్ళ భాషలో ఖగోళ శాస్త్రవేత్తలకి ఆ పేరే. మా వృత్తికి ఇంతకన్నా మంచి పేరు ఎవరూ పెట్టలేదు.

అక్కడితో ఆపేస్తే కథ తియ్యగా ఉంటుంది, మా వాళ్ళు అక్కడే ఆపుతారు కూడా. లీజుకి గడువు తేదీ లేదన్న సంగతి, ఆ తర్వాత జరిగింది, ప్రసంగాల్లో రావు. గామా కిరణాల కోసం వెరిటాస్ అనే నాలుగు టెలిస్కోపుల సముదాయాన్ని అదే కొండ మీద, గుర్రపునాడా పేరున్న లోయలో పెట్టాలనుకున్నారు. 2005లో తొహోనో ఓదమ్ ప్రభుత్వం కోర్టుకెళ్ళింది. తమని సరిగా సంప్రదించలేదన్నారు. పని ఆగింది. చివరికి వెరిటాస్‌ని మౌంట్ హాప్కిన్స్ అడుగున ఉన్న వేరే అబ్జర్వేటరీ స్థలంలో కట్టారు. 2007 నుంచి అది బ్రహ్మాండంగా పనిచేస్తోంది. "ఆ కొండ కాకపోతే సైన్స్ ఆగిపోతుంది" అనేవాళ్ళకి నేను చూపించేది వెరిటాస్‌నే.

అపోహ: పేపరు చివర ఒక వాక్యం రాస్తే మన పని అయిపోయింది.

అసలు ఆ వాక్యాలు చదవండి ముందు. మౌనా కేయా డేటాతో వచ్చే పేపర్లలో ఏళ్ళ తరబడి ఒకే మాట కనిపిస్తుంది. ఆ శిఖరానికి హవాయి మూలవాసుల్లో ఉన్న గౌరవాన్ని గుర్తిస్తున్నామని, అక్కడి నుంచి పరిశీలనలు చేసే అవకాశం దొరకడం మా అదృష్టమని. డెసి పేపర్లలో మాట వేరు. తొహోనో ఓదమ్‌లకి ప్రత్యేకమైన ఆ కొండ మీద పరిశోధనకి అనుమతి లభించడం మాకు గౌరవం, అని.

తేడా చూశారా? ఒకదాంట్లో అదృష్టం, ఇంకోదాంట్లో అనుమతి. అదృష్టం లాటరీలా వస్తుంది, ఇచ్చినవాడి పేరుండదు. అనుమతి ఒకరు ఇస్తే ఇంకొకరు పుచ్చుకునేది. అలాగని మౌనా కేయా వాక్యంలో "అనుమతి" అని మార్చేయమని కాదు, అది అబద్ధమవుతుంది. ఆ తేడా వాక్యంలో ఉన్నది కాదు, భూమి మీద జరిగినదాంట్లో ఉన్నది.

అందుకని నా విద్యార్థులకి చెప్పేది ఇంతే. కొండకి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు, ఆ ప్రజల పేరు రాయండి, పలకడం నేర్చుకోండి. వాళ్ళని "ఒకప్పుడు ఉండేవారు" అని భూతకాలంలో పెట్టకండి, ఉన్నారు. అనుమతి ఉంటేనే అనుమతి అనండి. లేకపోతే భూమి ఎలా చేతులు మారిందో ఒక్క ముక్కలో రాయండి. సమావేశాల్లో స్లయిడ్ వేసి పది సెకన్లలో గొణిగేయడం కన్నా, ఏ టెలిస్కోపుకి ప్రపోజల్ రాస్తున్నారో దాని లీజు ఎప్పుడు ముగుస్తుందో కనుక్కోవడం మేలు. మౌనా కేయా లీజు 2033తో సరి. పదేళ్ళ సర్వేలు ప్లాన్ చేసేవాళ్ళలో ఎంతమందికి ఈ అంకె తెలుసో నాకు అనుమానమే.

చేతల్లో ఎలా ఉంటుందో చూడాలంటే పశ్చిమ ఆస్ట్రేలియా వైపు చూడండి. ఎస్‌కేఏ (స్క్వేర్ కిలోమీటర్ అరే) అనే అంతర్జాతీయ రేడియో టెలిస్కోపులో ఒక భాగం, 1,31,072 యాంటెన్నాలతో, వజారి యమాజి ప్రజల భూమి మీద కడుతున్నారు. 2022లో వాళ్ళతో భూమి ఒప్పందం కుదిరాకే నిర్మాణం మొదలైంది. స్థలానికి వాళ్ళిచ్చిన పేరు ఇన్యారిమన్హ ఇల్గరి బుండర, అంటే ఆకాశాన్నీ నక్షత్రాల్నీ పంచుకోవడం. ఈ ప్రాజెక్టుకి మన ప్రభుత్వం 1,250 కోట్ల రూపాయలు కేటాయించింది, కాబట్టి ఆ ఒప్పందం షరతులు మన షరతులు కూడా.

అపోహ: వాళ్ళ భాషలో పేరు పెడితే గౌరవించినట్టే.

కొంతవరకే. ఎం87 గెలాక్సీలోని కృష్ణబిలం ఫొటో 2019 ఏప్రిల్‌లో వచ్చింది. మౌనా కేయా మీది రెండు టెలిస్కోపులు అందులో పనిచేశాయి. హవాయి సృష్టిగీతం కుములిపో నుంచి దానికి పోవెహి అని పేరు పెట్టారు, అందరం చప్పట్లు కొట్టాం. మూడు నెలలకి అదే కొండ కింద ముసలివాళ్ళ అరెస్టులు. పేరు తీసుకున్నంత తేలిగ్గా మాట తీసుకోలేదు. అరిజోనాలోనే, అపాచీ తెగవాళ్ళు పవిత్రంగా చూసే మౌంట్ గ్రాహమ్ మీది జంట అద్దాల టెలిస్కోపుకైతే మొదట అనుకున్న పేరు కొలంబస్. దీనికి వ్యాఖ్యానం అనవసరం.

అపోహ: ఒకసారి కట్టాక తీయడం కుదరదు.

కుదురుతుంది. మౌనా కేయా మీద కాల్‌టెక్ అనే అమెరికా విశ్వవిద్యాలయం వాళ్ళ సబ్‌మిల్లీమీటర్ అబ్జర్వేటరీని, హవాయి విశ్వవిద్యాలయం హిలో క్యాంపస్ వాళ్ళ చిన్న టెలిస్కోపుని విప్పేశారు. ఆ పని 2024లో పూర్తయింది. 2022 చట్టంతో ఏర్పడిన కొత్త సంస్థ 2028లో కొండ బాధ్యత పూర్తిగా తీసుకుంటుంది.

అపోహ: ఇదంతా అమెరికా, ఆస్ట్రేలియాల గొడవ.

లదాఖ్‌లోని హాన్లేలో మన రెండు మీటర్ల టెలిస్కోపు ఉన్న కొండని మనం మౌంట్ సరస్వతి అంటాం. స్థానికులకి అది దిగ్పా రత్సా రి. చుట్టూ చాంగ్పా పశుపోషకుల మేతభూములు. ఆ డేటా వాడితే మామూలుగా రాసే వాక్యం హాన్లే సిబ్బందికీ, బెంగళూరు దగ్గర హోస్కోటె నుంచి ఆ టెలిస్కోపుని నడిపే సిబ్బందికీ థాంక్స్ చెబుతుంది, అది న్యాయమే. అక్కడితో ఆగిపోతుంది. హాన్లేని చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించాక ఊరివాళ్ళకి టెలిస్కోపులిచ్చి పర్యాటకులకి ఆకాశం చూపించేలా శిక్షణ ఇచ్చారు. మంచి పని. తమిళనాడు జవ్వాదు కొండల్లోని కావలూరు అబ్జర్వేటరీ సంగతికొస్తే, నిజామియా అబ్జర్వేటరీ నీడలో హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైణు బప్పు ఆ చోటు ఎలా ఎంచుకున్నారో మేం గర్వంగా చెప్పుకుంటాం. ఆ కొండల్లోని మలయాళి అనే తెగ గిరిజనులు (కేరళవాళ్ళు కాదు) మా కథలో లేరు.

అంతరిక్ష టెలిస్కోపుకి భూమి బెడద లేదని మొన్నటిదాకా నేనూ అనుకున్నాను. మా అమ్మాయి రెండో పేపరు ఆస్ట్రోశాట్ డేటా మీద. ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరింది. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవి అడవిలో దుంపలు తవ్వుకుని, తేనె తీసి, పులికాట్‌లో చేపలు పట్టుకుని బతికింది యానాదులు. కేంద్రం కోసం వాళ్ళ గూడేల్ని కదిలించారు. డ్రాఫ్టు చివరి పేరాలో ఆ అమ్మాయి ఇస్రోకి థాంక్స్ చెప్పి, దాని కింద యానాదుల పేరుతో ఒక వాక్యం చేర్చింది. అందులో "అనుమతి" అనే మాట లేదు. "అదృష్టం" కూడా లేదు.

సహరచయితల్లో ఇద్దరు ఉంచమన్నారు. ఒకాయన, ఇది ఎక్స్‌రే పేపరు, దీనికీ దానికీ ఏమిటి సంబంధం అని మార్జిన్‌లో రాశారు. మిగతావాళ్ళ జవాబు కోసం చూస్తున్నాం.