గిన్నె మీది పేరు, రాతి మీది అంకె

చిరంజీవులు చిన్నికీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

అమరావతి బౌద్ధ స్తూపం చూసి వచ్చిన రోజు చిన్ని ఫోనులో అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. "మన శిల్పాలు లండన్‌లో ఉన్నాయన్నారు కదా తాతయ్యా, మరి అమ్మ ఫోనులోకి ఎలా వచ్చాయి?" ఎవరో ఫోటో తీసి పెట్టారని అప్పటికి తప్పించుకున్నాను గాని, అది సరైన జవాబు కాదు.

మా నాయనమ్మ ఇంట్లో ఇత్తడి గిన్నెలన్నిటి మీదా పేరు కొట్టించి ఉండేది. ఊళ్లో పెళ్లయితే వంటకు ఇంటింటి నుంచీ గుండిగలు, బిందెలు తెచ్చేవారు. మర్నాడు తోమి బోర్లించిన వాటి మీద పేర్లు చదివి ఎవరివి వారికి చేర్చే పని నాది. ఎనిమిదేళ్లవాడికి అంతకన్నా పెద్ద ఉద్యోగం ఏముంటుంది? ఒకసారి పేరు లేని చెంబు మిగిలిపోతే నలుగురు తమదన్నారు. నాయనమ్మ దాన్ని తిప్పి, అడుగున వేసిన మాటు చూసి, అసలు ఇంటికి పంపింది.

మ్యూజియంలో జరిగేదీ అదే. ముందు ప్రతి వస్తువుకూ ఒక అంకె ఇస్తారు. బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి రాళ్ల అంకెలు 1880,0709 అని మొదలవుతాయి, అంటే 1880 జూలై 9 నాటి పద్దు అన్నమాట. దాని వెంట కొలతలు, ఎక్కడ దొరికింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఎక్కడ విరిగింది, అంతా రాస్తారు. నాయనమ్మ చూసిన మాటు కూడా పద్దుకు ఎక్కుతుంది. ఫోటో పక్కన రంగుల పట్టీ, కొలబద్ద ఉంచుతారు. దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పెడితే, అరిగిపోయిన అక్షరాలు తమ నీడల వల్ల తేలివస్తాయి. రాతి చుట్టూ తిరుగుతూ, ఒకదానిలో పడినది కొంత పక్కదానిలోనూ పడేలా వందల ఫోటోలు తీస్తే, కంప్యూటర్ ఆ ఉమ్మడి గుర్తులను జతచేసి అన్ని వైపులా తిప్పి చూడగల ఆకారాన్ని కడుతుంది. ఈ పద్దులనూ ఫోటోలనూ ఇంటర్నెట్‌లో పెడితే అమ్మ ఫోనులోకి వస్తాయి. మన సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియంల వస్తువులకు కూడా పుణెలోని సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ చేసిన 'జతన్' సాఫ్ట్‌వేర్‌తో ఇలాంటి పద్దులే తయారయ్యాయి.

ఇక్కడ నా పోలిక కుంటుపడుతుంది. పేరున్న గిన్నె ఇంటికి చేరేది; అంకె ఉన్నంత మాత్రాన ఆ రాయి అమరావతికి రాలేదు. తెర మీద చూడగలగడం మేలే గాని, దాన్ని రాయి తిరిగి రావడంగా పొరబడకండి.

అయినా పద్దు విలువ తక్కువది కాదు. 1816లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ రెండోసారి అమరావతికి వచ్చినప్పుడు, ఆయన వెంట ఉన్న చిత్రకారులు ఆ శిల్పాలను కాగితం మీద గీశారు. తరువాత కొన్ని రాళ్లు జాడ లేకుండా పోయాయి. సున్నం కోసం కాల్చేసినవీ ఉన్నాయి. వాటికి ఇప్పుడు ఆ కాగితమే ఆధారం.

ఆదివారం అమ్మను అడిగి, ఆ లండన్ రాళ్లలో రెండు వైపులా చెక్కిన పలకను వెతకండి. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు వైపున చెట్టు కింద ఖాళీ ఆసనం, దాని చుట్టూ దణ్ణం పెట్టే మనుషులు ఉంటారు. బుద్ధుడు మాత్రం కనబడడు. ఎందుకో మీరే ఆలోచించండి. కొన్ని వందల ఏళ్లకు మరో శిల్పి వచ్చి, అదే పలకను తిప్పి వెనక వైపున స్తూపం చెక్కాడు. దాన్ని వేళ్లతో పెద్దది చేసి, సింహాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయండి. కళ్లజోడు పెట్టుకున్నా నాకు లెక్క తప్పుతోంది.

మీ తాతయ్య