‘గ్రూపులో రాజకీయాలు వద్దు’: ఈ రూలు ఎక్కడి నుంచి వచ్చింది?

పాత టీ హోటళ్లలో, సెలూన్లలో అద్దం పక్కన ఒక బోర్డు వేలాడుతుండేది: ‘ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు’. కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉంది. యజమానికి రాజకీయాల మీద కోపమేమీ ఉండదు. ఒక్క టీ తాగి రెండు గంటలు బెంచీ వదలనివాళ్లతో ఆయన బాధ ఆయనది. పైగా ఊళ్లో రెండు పార్టీల వాళ్లూ తన గిరాకీయే. ఎవరి పక్షాన నవ్వినా రెండోవాడు పక్క హోటల్‌కి పోతాడు.

ఇప్పుడు పదో తరగతి బ్యాచ్ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, బంధువుల గ్రూపుల్లో ‘నో పాలిటిక్స్ ప్లీజ్’ అని కనిపించేది పైకి అదే బోర్డులా ఉంటుంది. పుట్టిన తీరు మాత్రం వేరు. ఈ రూలు వెనక పదిహేనేళ్ల గొడవలున్నాయి, కొన్ని అరెస్టులున్నాయి, ఒక చట్టం పుట్టి చచ్చిన కథ ఉంది.

గొడవలు రాష్ట్ర విభజనతో మొదలయ్యాయనుకోవచ్చు. 2009 నవంబర్ 29న తెలంగాణ కోసం కేసీఆర్ దీక్ష, డిసెంబర్ 9 రాత్రి రాష్ట్ర ఏర్పాటు మొదలుపెడతామంటూ కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన, మళ్లీ 23న కేంద్రం వెనకడుగు. ఆ మూడు వారాల్లో ఆర్కుట్‌లోనూ, అప్పుడప్పుడే అలవాటవుతున్న ఫేస్‌బుక్‌లోనూ తెలుగువాళ్లు రెండుగా చీలిపోయారు. నీళ్లు, ఉద్యోగాలు, హైదరాబాద్ ఎవరిదన్న ప్రశ్న: వాదించుకోవడానికి నిజంగా విషయం ఉన్న రోజులవి. మాదాపూర్‌లో పక్కపక్క సీట్లలో కూర్చునేవాళ్లు పగలు కలిసి టిఫిన్ చేసి, రాత్రి ఒకరి వాల్ మీద ఒకరు విరుచుకుపడేవారు. ఎదురుగా ఉన్నప్పుడు అనలేని మాట కీబోర్డు ముందు సులువుగా వచ్చేస్తుందని మనవాళ్లకు అప్పుడే తెలిసొచ్చింది. 2014 ఫిబ్రవరి 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలో విభజన బిల్లు పాసయ్యేనాటికి చాలా స్నేహాలు ‘అన్‌ఫ్రెండ్’ దాకా వెళ్లాయి.

ఈలోగా మీడియా కూడా గట్లు కట్టేసుకుంది. 2008లో జగన్ కుటుంబం ‘సాక్షి’ పత్రికను తెచ్చింది. 2011లో టీఆర్ఎస్‌ వైపు నుంచి ‘నమస్తే తెలంగాణ’, టీ న్యూస్ వచ్చాయి. ఈనాడు, ఆంధ్రజ్యోతి ఎటువైపన్నది ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదని అవతలివాళ్లు అనేవారు. దాంతో ఏ వార్త పెట్టినా ముందు ‘ఏ ఛానల్?’ అనే ప్రశ్న. జవాబు వినగానే ‘అయితే సరే’ అని ఒక నవ్వు బొమ్మ. సంగతి నిజమా కాదా అన్నదాకా వాదన వెళ్లేదే కాదు. ఇప్పటికీ వెళ్లదు.

ఫేస్‌బుక్‌లో కనీసం నచ్చనివాడిని కనబడకుండా చేసుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో ఆ వీలు లేదు. 2016 ఫిబ్రవరిలో గ్రూపు పరిమితి వంద మంది నుంచి 256కి పెరిగింది, అదే ఏడు సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా దాదాపు ఉచితమైపోయింది. పెద్దమామయ్య, కాలనీ ట్రెజరర్, ఎప్పుడో విడిపోయిన బెంచ్‌మేట్ అందరూ ఒకే గదిలోకి వచ్చిపడ్డారు. ఎవరు ఏ పార్టీయో అప్పటిదాకా ఊహే. ఇప్పుడు పొద్దున్నే ఆరింటికే తెలిసిపోతోంది.

బ్యాచ్ గ్రూపులో ఒక మామూలు ఉదయం ఎలా ఉంటుందో చూడండి. పూల బొమ్మలు, శుభోదయాలు అయ్యాక శీను ఒక వీడియో వేస్తాడు. 2014 సెప్టెంబర్‌లో ప్రతిపక్ష నేతగా జగన్ అసెంబ్లీలో విజయవాడ ప్రాంత రాజధానిని స్వాగతిస్తున్న పాత క్లిప్. కింద రెండు చప్పట్లు పడతాయి. పావుగంటకు రమేశ్ ఇంకో క్లిప్ తెస్తాడు. 2016 సెప్టెంబర్‌లో ప్రత్యేక హోదా బదులు ప్యాకేజీ అన్నప్పుడు చంద్రబాబు దాన్ని స్వాగతించినది. రెండూ అసలైన వీడియోలే, మార్ఫింగ్ ఏమీ లేదు. ‘ఒరేయ్, అది వేరు, ఇది వేరురా’ అంటాడు శీను. ‘ఏం వేరురా, నీ పచ్చ కళ్లద్దాలు తీసి చూడు.’ ‘ఈ పోస్టులకు పేటీఎంలో ఎంత పడిందేంటి ఈ నెల?’ ఇక్కడిదాకా అది స్నేహమే. అసలు గొడవ ‘రమేశ్ గారూ, మీ స్థాయికి తగ్గట్టు మాట్లాడండి’ అన్న దగ్గర మొదలవుతుంది. ముప్ఫై ఏళ్లు రా, ఒరేయ్ అనుకున్నవాళ్ల మధ్య ‘గారు’ దిగిందంటే ఇక అడ్మిన్ రావాల్సిందే. ఆయన చేతులు జోడించిన బొమ్మలు మూడు పెట్టి ‘ఫ్రెండ్స్, ఇక్కడ పాలిటిక్స్ వద్దని ముందే అనుకున్నాం’ అంటాడు.

గమనించాల్సింది ఆయన ఎప్పుడు వచ్చాడన్నది. శీను మొదటి వీడియో వేసినప్పుడు రూలు ఎవరికీ గుర్తు రాలేదు. రమేశ్ జవాబిచ్చాకే గుర్తొచ్చింది. నేను చూసినంతలో ఈ రూలు రాజకీయాలను ఆపదు, జవాబును ఆపుతుంది. గ్రూపులో ఎవరి వైపు జనం ఎక్కువో వాళ్ల పోస్టు ‘సమాచారం’, తక్కువున్నవాడి పోస్టు ‘పాలిటిక్స్’.

అడ్మిన్‌ను మరీ తప్పుపట్టలేం. ఆయన టెన్షన్ వెనక చట్టం ఉంది. ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణతో 66ఎ అనే సెక్షన్ చేరి, 2009 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్‌లో ‘తీవ్ర అభ్యంతరకరమైన’ సందేశం పంపినా, తప్పుడు సమాచారమని తెలిసీ ‘చిరాకు’, ‘అసౌకర్యం’ కలిగించడానికి పంపినా మూడేళ్ల దాకా జైలు. చిరాకు పెట్టడం నేరమైతే మన బంధువుల గ్రూపుల్లో బయట మిగిలేది ఎవరు? 2012 నవంబర్‌లో బాల్ ఠాక్రే మరణిస్తే ముంబై ఎందుకు స్తంభించాలని ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాస్తే, ఆ అమ్మాయినీ, ఆ పోస్టుకు లైక్ కొట్టిన స్నేహితురాలినీ పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. 2013 మే నెలలో ఆ సెగ మనదాకా వచ్చింది. చీరాల ఎమ్మెల్యే మీద, అప్పుడు తమిళనాడు గవర్నర్‌గా ఉన్న రోశయ్య మీద ఫేస్‌బుక్‌లో ఆరోపణలు రాసినందుకు ఒక పౌరహక్కుల నాయకురాలిని పోలీసులు హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. ఆ కేసు ప్రస్తావనకు వచ్చినప్పుడే, పై అధికారుల అనుమతి లేకుండా 66ఎ కింద ఎవరినీ అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు చెప్పింది.

చివరికి 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షన్‌నే కొట్టేశారు. తీర్పిచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు మన కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చెలమేశ్వర్, తీర్పు రాసింది రోహింటన్ నారీమన్. చట్టం చచ్చినా దాని అలవాటు చావలేదు. 2021 మార్చి నాటికి పదకొండు రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో 66ఎ కింద 745 కేసులు ఇంకా నడుస్తున్నాయని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టు ముందు పెట్టింది. ఆరేళ్ల కిందట కొట్టేసిన సెక్షన్ సంగతి ఇది.

అడ్మిన్‌కు ప్రత్యేకంగా గుబులు పుట్టించింది 2017 ఏప్రిల్‌లో వారణాసి అధికారుల ఉత్తర్వు: గ్రూపులో వచ్చే వాటికి అడ్మిన్ బాధ్యుడు. మరుసటి ఏడు మధ్యప్రదేశ్‌లోని రాజ్‌గఢ్ జిల్లాలో గ్రూపులో వచ్చిన ఒక అభ్యంతరకర పోస్టు కేసులో ఇరవై ఒక్కేళ్ల విద్యార్థి ఐదు నెలలకు పైగా జైల్లో ఉన్నాడు. అసలు అడ్మిన్ గ్రూపు వదిలేసి వెళ్లిపోతే ఆ పదవి దానంతటదే ఈ కుర్రాడికి వచ్చిపడిందన్నది అతని కుటుంబం వాదన. ఆ వార్త గ్రూపు గ్రూపుకూ తిరిగింది. తీర్పులు మాత్రం అంతగా తిరగలేదు. నిజానికి 2016లోనే ఢిల్లీ హైకోర్టు, సభ్యుడు రాసినదానికి అడ్మిన్‌ను పట్టుకోవడం పత్రికలో పరువునష్టానికి కాగితం తయారుచేసినవాడిని పట్టుకోవడం లాంటిదని చెప్పింది. 2021లో బొంబాయి, 2022లో కేరళ హైకోర్టులూ అడ్మిన్‌కు ఆ భారం లేదన్నాయి. భయం ఫార్వర్డ్ అయినంత వేగంగా తీర్పు ఫార్వర్డ్ కాదు.

2018 వేసవిలో ఇంకో భయం తోడైంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో వీడియోలు. జోగులాంబ గద్వాల ప్రాంతంలో ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని గమనించింది ఒక కానిస్టేబుల్. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పుతో పాటలు కట్టించి, ఊరి గ్రూపుల్లో కానిస్టేబుళ్లను చేర్పించారు. అక్కడ ప్రాణాలు పోలేదు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో మే నెలలో ఇదే పుకారుకు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. దేశమంతా ఇలాంటివి జరిగాక, జూలైలో వాట్సాప్ ‘ఫార్వర్డెడ్’ అనే గుర్తు పెట్టి, మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. మనవాళ్లు ఐదైదుగా పంపడం నేర్చుకున్నారు, అది వేరే సంగతి.

ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి. కేసులు మారలేదు, నిందితుల రంగు మారిందంతే. 2017 ఏప్రిల్‌లో టీడీపీ హయాంలో వ్యంగ్య పోస్టుల ఫేస్‌బుక్ పేజీ నడిపే ఒకాయన్ని అరెస్టు చేశారు. 2020 మేలో వైసీపీ హయాంలో, విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకేజీపై ప్రశ్నలు వేస్తూ పోస్టు పెట్టినందుకు గుంటూరులో అరవై దాటిన ఒక మహిళపై సీఐడీ కేసు పెట్టింది. 2024 నవంబర్‌లో కూటమి హయాంలో వైసీపీ సోషల్ మీడియా వాళ్ల అరెస్టులు వరసగా జరిగాయి. తెలంగాణలో 2025 మార్చిలో, ముఖ్యమంత్రిని తిట్టిన ఒక రైతు వీడియో వేసినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారుజామున తీసుకుపోయారు. ప్రతిసారీ ఒక సగం గ్రూపు ‘భావప్రకటన స్వేచ్ఛ’ అంది, రెండో సగం ‘నోటికి అదుపుండాలి’ అంది. అధికారం మారగానే సగాలు అటూ ఇటూ అయ్యాయి. వీళ్లలో బూతులు, ఆడవాళ్ల మీద నీచపు రాతలు రాసినవాళ్లూ ఉన్నారు. వాళ్లను, మామూలుగా ప్రశ్నించినవాళ్లను ఒకే గాటన కట్టడమే వచ్చిన చిక్కు.

కోర్టులు ఆ గీత గీయడానికి ప్రయత్నిస్తున్నాయి. 2025 జూలైలో ఏపీ హైకోర్టు, సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో రిమాండ్ విధించే ముందు అరెస్టులపై సుప్రీంకోర్టు మార్గదర్శకాలు పాటించి తీరాలని మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు ఇంకా ముందుకెళ్లింది. ఫిర్యాదు చేసినవాడు నిజంగా బాధితుడేనా చూడాలి, కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ చేయాలి, రాజకీయ విమర్శ ఘాటుగా ఉన్నంత మాత్రాన ఎఫ్‌ఐఆర్ వేయకూడదు అని పోలీసులకు స్పష్టంగా చెప్పింది.

గ్రూపుల్లో రూలు మాత్రం అలాగే ఉంది. జనం దానికి తమదైన దారి కనిపెట్టారు. 2022 దాకా గ్రూపు వదిలితే ‘లెఫ్ట్’ అని అందరికీ కనిపించేది, అలిగి వెళ్లిపోవడం కూడా ఒక ప్రకటనే. ఆ ఏడు ఆగస్టులో చప్పుడు లేకుండా తప్పుకునే వీలొచ్చింది. కానీ ఎక్కువమంది తప్పుకోవడం లేదు. పుట్టినరోజులకు, చావు కబుర్లకు పాత గ్రూపును ఉంచుకుని, వాదించుకోవడానికి పక్కన ఇంకోటి పెట్టుకుంటున్నారు. శీనూ రమేశ్‌ లాంటివాళ్లు ఇద్దరూ అందులో ఉంటారు, ‘గారు’ లేకుండానే. దానికి అడ్మిన్‌గా ఉండమంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. అందుకని చాలాచోట్ల ఉన్నవాళ్లందరినీ అడ్మిన్లను చేసేస్తున్నారు.